పేరున్న చిత్రాలను బొమ్మలతో పేర్చడం: ఏ చిత్రంతో మొదలుపెట్టాలి, ఏం కావాలి

శ్రీకాకుళం నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. పాపకి తొమ్మిదేళ్లు, బాబుకి అయిదు. ఇంట్లో రెండు బుట్టల నిండా బొమ్మలున్నాయి. ప్రపంచ ప్రసిద్ధ పెయింటింగులను ఎవరో బొమ్మలతో పేర్చి తీసిన ఫొటోలు చూసి పిల్లలు మనమూ చేద్దామని గోల పెడుతున్నారట. "నాకు బొమ్మలెయ్యడం రాదు. ఏ చిత్రంతో మొదలుపెట్టాలి? మంచి బొమ్మలు కొనాలా? మా అత్తగారు ఇదంతా టైం వేస్టు అంటున్నారు. నిజంగా పిల్లలకి దీనివల్ల ఏమైనా ఒరుగుతుందా?" అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తానమ్మా. ఏమీ కొనకండి. ఒకే మనిషి ఉండి, వెలుగు ఒకే పక్క నుంచి పడే చిత్రంతో మొదలుపెట్టండి. నన్నడిగితే డచ్చి చిత్రకారుడు వెర్మీర్ వేసిన 'ముత్యపు లోలాకు అమ్మాయి' అన్నిటికన్నా మంచి మొదలు. బొమ్మలెయ్యడం రాకపోతే ఏ ఇబ్బందీ లేదు. బట్టలు, రంగులు అచ్చుగుద్దినట్టు ఉండాలని తంటాలు పడొద్దు. వెలుగు ఎటు నుంచి వస్తోంది, తల ఎటు తిరిగింది, ఖాళీ ఎక్కడ వదిలారు అనే మూడూ కుదిరితే గుండు బొమ్మని పెట్టినా చూసినవాళ్లు ఆ చిత్రాన్ని గుర్తుపడతారు. ఈ మూడూ తప్పితే పట్టుచీర కట్టినా గుర్తుపట్టరు.

నేను విజయనగరంలో బడిలో డ్రాయింగు మాస్టారిని, ఇరవై రెండేళ్లుగా ఇదే పని. 2020లో బళ్లు మూతపడినప్పుడు లాస్ ఏంజిలిస్‌లోని గెట్టీ మ్యూజియం వాళ్లు, ఇంట్లో దొరికే మూడు వస్తువులతో మీకిష్టమైన చిత్రాన్ని మళ్లీ కట్టండి అని జనాన్ని అడిగారు. వాళ్లకంటే ముందు నెదర్లాండ్స్‌లో కొందరు ఇదే సరదాగా మొదలుపెట్టారు. అప్పుడు జనం ఎక్కువగా తామే వేషాలు వేసుకున్నారు. మా వీధి పిల్లలకి అంత సిగ్గులేని ధైర్యం లేదు గాని, బొమ్మలు ఉన్నాయి. అలా మా వసారాలో ఆదివారం పనిగా మొదలైంది, ఇప్పటికీ నడుస్తోంది.

మీ అత్తగారి మాట కూడా ఇక్కడే చెప్తాను. ఆవిడ చిన్నప్పుడు సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే ఉంటారు. మెట్ల మీద దేవుళ్లు, కింద మెట్టు మీద పెళ్లి ఊరేగింపు, నుయ్యి, నీళ్లు తోడే మనిషి, ఆవాలు చల్లి మొలకెత్తించిన పొలం. ఏ బొమ్మ పక్కన ఏది పెడితే కథ తెలుస్తుందో, పెద్ద బొమ్మ వెనక్కి ఎందుకు పోవాలో మన అమ్మమ్మలకి బాగా తెలుసు. ఇదీ అదే విద్య, ఎదురుగా ఒక చిత్రం పెట్టుకుని చేస్తున్నాం, అంతే. ఆవిణ్ణి ఇందులోకి పిలవండి. మా వీధిలో ఒక పెద్దావిడ వచ్చి గుడ్డ ముడతలు సర్దినంత అందంగా నేను సర్దలేను.

ఇక వెర్మీర్ అమ్మాయి. సుమారు 1665లో వేసిన చిత్రం, నెదర్లాండ్స్‌లో ది హేగ్ నగరంలోని మారిట్స్‌హౌస్ మ్యూజియంలో ఉంది. చిన్న చిత్రమే, ఎత్తు 44.5 సెంటీమీటర్లు, వెడల్పు 39. ఆ అమ్మాయి ఒళ్లు మన ఎడమ చేతి వైపుకి తిరిగి ఉంటుంది, తల మాత్రం భుజం మీదుగా మనవైపు తిప్పుతుంది, ఎవరో పిలిస్తే పలికినట్టు. వెలుగు ఎడమ పక్క నుంచి. వెనక అంతా చీకటి. ఫోన్లో చిత్రం తెరిచి పిల్లల ముందు పెట్టి పది నిమిషాలు బొమ్మల జోలికి వెళ్లకండి. అడగండి: ముఖంలో ఏ సగం మసకగా ఉంది? నోరు మూసుందా, కొంచెం తెరిచిందా? ముత్యానికి కొక్కెం ఎక్కడుంది?

ఆ ఆఖరి ప్రశ్నకి మా వసారాలో పిల్లలు ఫోను మీద తలలు కొట్టుకునేలా వంగి వెతికారు. కొక్కెం లేదు! వెర్మీర్ ముత్యానికి గీత కూడా గియ్యలేదు. పైన ఒక తెల్లటి చుక్క, కింద మెడ దగ్గరి తెల్ల కాలరు నుంచి పడిన మసక వెలుగు, అంతే. మిగతాది మన కన్ను పూర్తి చేస్తుంది.

ఆ ముత్యం కోసం పూసలు కొనొద్దు. పూస మెరుపు వేరు, దాని మీద కిటికీ ప్రతిబింబం గట్టిగా పడిపోయి బొమ్మ తల కంటే ముందు అదే కనిపిస్తుంది. మేం గాజు పూస, తెల్ల బొత్తాం, మందుల షాపు గొట్టం మాత్ర అన్నీ పెట్టి చూశాం. చివరికి కుదిరింది సగ్గుబియ్యం. సగం ఉడికిన గింజ తీసుకోండి. పై పొర గాజులా ఉంటుంది, లోపల తెల్లటి చుక్క మిగిలి ఉంటుంది. దాన్ని చన్నీళ్లలో ఒకసారి జాడించి బొమ్మ చెవి కింద నొక్కితే తన జిగురుతో తనే అంటుకుంటుంది. కిటికీ వెలుగు పైన సన్నగా తగులుతుంది. పావుగంట లోపు ఫొటో తీసుకోవాలి, తర్వాత ఎండి మొద్దుబారిపోతుంది. ఇంకో నాలుగు గింజలు గిన్నెలో ఉంచుకోండి, పడిపోతే మళ్లీ పెట్టొచ్చు. మిగిలినవి పాయసంలోకి పోతాయి.

తలపాగాకి రెండు గుడ్డ ముక్కలు. నుదుటి చుట్టూ నీలం, నడినెత్తి నుంచి వెనక్కి జారే పసుపు. ఆ నీలం అప్పట్లో లాపిస్ లజులి అనే రాయిని నూరి తీసిన చాలా ఖరీదైన రంగు. మనకి చిరిగిన స్కూలు లంగా ముక్క చాలు. పసుపుకి పాత పంచె చింపి పసుపు నీళ్లలో ముంచండి. ఇక్కడ ఒక్క కిటుకు గుర్తుపెట్టుకోండి: గుడ్డ ఎంత పల్చనైతే ముడత అంత చిన్నది. తువ్వాలు ముక్క చుడితే బొమ్మ తలకి గాయం కట్టు కట్టినట్టుంటుంది. బాగా ఉతికి నలిగిన పొందూరు సన్న ఖద్దరు ముక్క మీ ఇంట్లో ఉంటే అంతకన్నా మంచిది లేదు. పల్చని గంజిలో ముంచి, బొమ్మ తలకే చుట్టి, వేళ్లతో ముడతలు పెట్టి అలాగే ఆరనివ్వండి. ఆరాక ముడత కదలదు.

బొమ్మ సంగతి. మెడ తిరిగే రబ్బరు బొమ్మ ఏదైనా సరే. జుట్టు ఊడిపోయి మూలన పడేసిందైతే ఇంకా మంచిది, తలపాగా బాగా కుదురుతుంది. ఒళ్లు కిటికీ వైపు, ముఖం కెమెరా వైపు. ఒళ్లూ ముఖమూ రెండూ కెమెరాకేసి పెడితే పాస్‌పోర్టు ఫొటో అవుతుంది, చిత్రం చచ్చిపోతుంది. పిల్లలు చేసే తప్పుల్లో నూటికి తొంభై ఇదే.

వెనక చీకటికి ఇంట్లో నల్ల గొడుగు తెరిచి బొమ్మకి రెండు మూడడుగుల దూరంలో పెట్టండి. దగ్గరగా పెడితే దాని మడతలు కనిపిస్తాయి. అన్నట్టు, ఆ చిత్రంలో వెనక మొదట ఉన్నది ఆకుపచ్చ తెర అని, కాలం గడిచి రంగు చెడి ఇలా నల్లబడిందని ఆ మ్యూజియం పరిశోధకులు తేల్చారు. మా వసారాలో ఒక అమ్మాయి ఇది విని, అయితే నేను అసలు రంగుతో చేస్తానని వాళ్లమ్మ ఆకుపచ్చ జాకెట్టు గుడ్డ వేలాడదీసింది. ఆ ఫొటో నాకు నల్లదానికన్నా నచ్చింది. ఇలాంటివి చేస్తామంటే ఆపకండి.

వెలుగు కిటికీది, ట్యూబులైటుది కాదు. పగలు చేసినా చాలామంది గదిలో ట్యూబులైటు ఆర్పడం మర్చిపోతారు. పైనుంచి పడే ఆ తెల్లటి వెలుగు నీడలన్నీ చెరిపేస్తుంది. లైటు ఆర్పండి, మిగతా కిటికీలు మూయండి, ఒక్కటే తెరిచి ఉంచండి. ఎండ సూటిగా పడే కిటికీ వద్దు. పొద్దున్నయితే పడమటి కిటికీ, సాయంత్రమయితే తూర్పు కిటికీ. నీడ పక్క మరీ నల్లగా ఉంటే అటు జానెడు దూరంలో తెల్ల చార్టు ముక్క నిలబెట్టండి. నీడ పోదు గాని, అందులో చెంప కనిపిస్తుంది.

ఫోను బొమ్మ కళ్ల ఎత్తులో ఉండాలి. నాలుగు పుస్తకాలు పేర్చి వాటి మీద ఆనించండి. మనం నిలబడి కిందకి తీస్తే బొమ్మ బొమ్మలాగే ఉంటుంది, దాని కళ్ల ఎత్తుకి దిగితే మనిషవుతుంది. మరీ దగ్గరికెళ్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి, కాబట్టి రెండడుగులు వెనక్కి జరిగి జూమ్ రెండు దగ్గర పెట్టండి. బొమ్మ చెంప మీద వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్ అక్కడే ఆగుతుంది, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కొంచెం కిందకి లాగి వెలుగు తగ్గించండి. వెనక చీకటిగా ఉంటే ఫోన్లు వెలుగు ఎక్కువే పెడతాయి.

ఇంకో చిన్న పని, చాలామంది వదిలేస్తారు. చిత్రం కొలతల ప్రకారం అట్టముక్కలో కిటికీ కత్తిరించుకోండి. ఈ చిత్రానికి 8 అంగుళాల ఎత్తు, 7 అంగుళాల వెడల్పు సరిపోతుంది. ఆ కంతలోంచి ఒక కన్ను మూసి చూస్తూ బొమ్మని జరపమనండి. ఖాళీ ఎక్కడ ఎంత ఉందో అప్పుడు పిల్లలకి తెలుస్తుంది. ఫొటో తీశాక కూడా అదే కొలతకి కత్తిరించాలి.

ఇంత ప్రసిద్ధమైన మోనాలిసా ఉండగా ఇదెందుకు అంటారేమో. అందరూ మొదట దాని మీదే పడతారు. మొదటి చిత్రంగా అది వద్దని నా గట్టి అభిప్రాయం. దాని అందమంతా పెదవుల చివర, కళ్ల చివర లియొనార్డో కలిపిన మసకలో ఉంది. బొమ్మ ముఖం మీద అచ్చేసిన నవ్వు మారదు. నల్ల జుట్టు, చేతులు ముడుచుకుని కూర్చున్న బొమ్మ మిగులుతుంది, చిత్రం మిగలదు. పిల్లలు నీరసపడి మానేస్తారు.

రెండో చిత్రంగా అమెరికా చిత్రకారుడు గ్రాంట్ వుడ్ వేసిన 'అమెరికన్ గోథిక్' బాగుంటుంది. 1930 నాటిది, షికాగోలో ఉంది. ఒక రైతు, పక్కన ఆడమనిషి, వెనక కోసుగా ఉన్న కిటికీతో ఇల్లు. ఆయన తన చెల్లెల్ని, తన పళ్ల డాక్టరుని చూసి ఆ ఇద్దర్నీ వేశాడు. రైతు చేతిలో మూడు మొనల పంగ. పండ్ల ముక్కలు గుచ్చుకునే ప్లాస్టిక్ ఫోర్కు సరిపోతుంది. మూడు మొనల ఆకారం చిత్రంలో ఇంకెక్కడ ఉందో వెతకమనండి. రైతు చొక్కా మీద తొడుక్కున్న బట్ట కుట్లలోనే ఉంది. అది కనిపెట్టిన పిల్లాడు ఇక చిత్రాలని ఊరికే చూసి వదిలెయ్యడు.

మీ అయిదేళ్ల బాబుకి నిలబెట్టే బొమ్మలు విసుగు. అవి పడిపోతాయి, వాడికి కోపం వస్తుంది. వాడికి నేల మీద పరిచి పైనుంచి తీసే చిత్రాలు ఇవ్వండి. వాన్‌గో 1889 జూన్‌లో ఫ్రాన్స్‌లో సాన్‌రెమీ ఆస్పత్రిలో ఉండగా వేసిన 'నక్షత్రాల రాత్రి' దీనికి పుట్టినట్టే ఉంటుంది. నీలం దుప్పటి పరవండి. నక్షత్రానికి ఒక గోళీ, దాని చుట్టూ గాజులు, చిన్నది లోపల, పెద్దది బయట. పసుపు, తెలుపు గాజులైతే మంచిది. మధ్యలో గిర్రున తిరిగే గాలికి ఊలు దారం. ఎడమ పక్క లేచిన నల్లటి సైప్రస్ చెట్టుకి కొబ్బరి పీచు పొడుగ్గా లాగి పెట్టండి. కింద ఊరికి ఇల్లు కట్టుకునే బ్లాకులు, వాటి మధ్య కోసుగా చర్చి. ఆ కోసు మీద మాత్రం వాడు పట్టు పట్టాలి, చెట్టు తర్వాత ఆకాశంలోకి పొడుచుకెళ్లేది అదొక్కటే. పైనుంచి తీసేటప్పుడు మీ నీడ పడకుండా దుప్పటికి అవతలి పక్కన, కిటికీకేసి ముఖం పెట్టి నిలబడండి.

చెయ్యి తిరిగాక, బహుశా వేసవి సెలవుల్లో, పెద్ద పని ఒకటి పెట్టుకోండి. మేం పెట్టుకున్న వాటిలో అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది 'చివరి విందు'.

లియొనార్డో మిలాన్‌లో శాంతా మరియా దెల్లె గ్రాత్సియె మఠం భోజనశాల గోడ మీద, సుమారు 1495 నుంచి 1498 వరకు వేశాడు. దాదాపు 4.6 మీటర్ల ఎత్తు, 8.8 మీటర్ల వెడల్పు. క్రీస్తు, ఆయన శిష్యులు పన్నెండు మంది, మొత్తం పదమూడు మంది. మా దగ్గర ఏటికొప్పాక లక్క బొమ్మలు కొన్ని ఉన్నాయి, అంకుడు కర్రతో చేసినవి. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాడు కొన్నవి కొన్ని, ప్లాస్టిక్ బొమ్మలు కొన్ని. లెక్కకి పదమూడు కుదిరాయి. పిల్లలు పొడవాటి బల్ల మీద తెల్ల పంచె పరిచి అన్నిటినీ వరసగా కూర్చోబెట్టారు. చూస్తే పెళ్లిలో బంతి భోజనాలకి కూర్చున్నట్టుంది. అందరూ ఉన్నారు, కథ లేదు.

అప్పుడు చిత్రం మళ్లీ తెరిచి, ఒకరి భుజం ఒకరికి తగిలేవాళ్లని లెక్కపెట్టమన్నాను. కాసేపటికి వాళ్లే చెప్పారు, ముగ్గురు, ముగ్గురు, మధ్యలో ఒక్కరు, మళ్లీ ముగ్గురు, ముగ్గురు. మీలో ఒకడు నన్ను అప్పగిస్తాడు అన్న మాట క్రీస్తు నోట రాగానే అందరూ గుంపులుగా ఎగిసిపడ్డారు, ఆయన పక్కన మాత్రం ఖాళీ మిగిలింది. మేం బొమ్మలు మార్చలేదు, బట్టలు మార్చలేదు. మూడేసి చొప్పున దగ్గరికి జరిపి మధ్య బొమ్మకి రెండు పక్కలా నాలుగు వేళ్ల చోటు వదిలాం. వసారాలో పిల్లలు ఒక్కసారి నిశ్శబ్దమైపోయారు. మాకు కనిపించింది విందు.

లక్క బొమ్మలకి చేతులుండవు, చపాతీ పిండితో చేసి అంటించాం. క్రీస్తుని అప్పగించిన శిష్యుడు యూదా చేతిలో డబ్బు సంచికి గుడ్డ ముక్కలో ఆవాలు మూట కట్టాం. అతని మోచేతి దగ్గర ఒలికిన ఉప్పు గిన్నె ఉంటుంది, పాత నకళ్లలో బాగా తెలుస్తుంది. అక్కడ నిజం ఉప్పే చిటికెడు పోశాం. గోడలకి మిక్సీ వచ్చిన అట్టపెట్టె. వెనక గోడకి మూడు కిటికీలు కోసి బటర్ పేపరు అంటించి వెనకనుంచి వెలుగు పెట్టాం. పక్క గోడలు లోపలికి ఎంత వాలాలి అన్నది అసలు చిక్కు. దానికి దారం ఉంది. ఆ చిత్రంలో పైకప్పు గీతలు, గోడల గీతలు అన్నీ క్రీస్తు కణత దగ్గర ఒక్క చోట కలుస్తాయి, అక్కడ మేకు కొట్టిన గుర్తు కూడా దొరికింది. మేమూ వెనక గోడ మీద మధ్య బొమ్మ తల ఎత్తున గుండుసూది గుచ్చి, దానికి దారాలు కట్టి, పెట్టె అంచుల దాకా లాగి గీతలు గీశాం. కెమెరా సరిగ్గా ఆ ఎత్తులోనే ఉండాలి. అంగుళం పైకి పోతే గది కూలినట్టుంటుంది.

మధ్యలో కూర్చున్నాయన పాదాలు ఏవి మాస్టారూ అని ఒక పిల్ల అడిగింది. 1652లో ఆ గోడకి తలుపు కోసం కంత పెట్టినప్పుడు అవి పోయాయి. లియొనార్డో తడి సున్నం మీద కాకుండా ఆరిన గోడ మీద వేసినందుకు రంగు ఆయన బతికుండగానే పెచ్చులూడటం మొదలైంది. ఇది చెప్పాక పిల్లలు తమ అట్టపెట్టె గోడని వేలితో ముట్టుకోవడానికి కూడా భయపడ్డారు.

ఇలాంటి చిత్రాలకి ముందు ఒక మాట అడగాలి. ఒకరు కొలిచే మూర్తి చోట కోతి బొమ్మో కారు బొమ్మో పెట్టడం వాళ్లకి నొప్పి. మేం మొదలుపెట్టే ముందు పక్కింటి క్రైస్తవ కుటుంబాన్ని అడిగాం. వాళ్లు సంతోషంగా, నడుమ మాత్రం సాదా చెక్కబొమ్మ పెట్టండి అన్నారు. అలాగే చేశాం. మన దేవుళ్ల చిత్రాలకీ ఇదే లెక్క.

ఆ లెక్కతోనే రవివర్మ సరస్వతి చేశాం. ఆయన అచ్చు చిత్రాల వల్లే కదా లక్ష్మీ సరస్వతుల రూపాలు మన గోడల మీద క్యాలెండర్లయ్యాయి. మా ఇంట్లో బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో కొన్న జానెడు వీణ ఉంది, పనస కర్రతో చేసిన చిన్న నమూనా. దాని పొడవు మారదు, కాబట్టి దానికి సరిపోయే బొమ్మని వెతికాం. ఇది మీకూ పనికొస్తుంది: మార్చలేని వస్తువు ఏదో దాన్ని ముందు పెట్టి, మిగతావి దాని కొలతకి తెచ్చుకోవాలి. నాలుగు చేతులకి వెనక ఇంకో బొమ్మని కూర్చోబెట్టి, దాని తల, ఒళ్లు నల్లగుడ్డతో కప్పి, చేతులు మాత్రం పక్కలకి తీశాం. వీణ ముందు చేతుల్లో, పుస్తకం, జపమాల వెనక చేతుల్లో. రాయికి బదులు బూడిదరంగు గుడ్డ కప్పిన గిన్నె, నెమలికి పింఛం ఈక.

మీది శ్రీకాకుళం కాబట్టి ఒకటి చెప్పకుండా ఉండలేను. హొకుసాయ్ వేసిన 'కనగావా పెద్ద అల' తప్పకుండా చెయ్యండి. సుమారు 1831 నాటి జపాను చెక్క అచ్చు చిత్రం. ముందు గోళ్లు చాచినట్టు లేచిన అల, కింద మూడు పొడవాటి పడవలు, దూరాన బుల్లి ఫుజి కొండ. పిల్లలు ఆ కొండని పెద్దగా పెడతారు, కొండంటే పెద్దదే కదా అని. అక్కడే ఆ చిత్రం ఉంది. అల కొండని మింగేలా కనిపించాలి, కొండ అల ఒంపులో పిసరంత ఉండాలి.

అలకి నీలం చీర, లోపల దిండు. నురగకి దూది, వేళ్లతో మెలిపెట్టి గోళ్లలా. పడవలకి అరటి డొప్పలు, కార్తీకంలో దీపాలు వదిలేవే. చివరలు పైకి లేచి అచ్చం ఆ పడవల్లా ఉంటాయి. మనుషులకి ప్లాస్టిక్ సైనికుల్ని నిలబెట్టాం. వేసవికి కళింగపట్నం నుంచి బంధువులింటికొచ్చిన ఒక గుంటడు, సముద్రం మీదకెళ్లే ఇంటివాడు, చూసి ఊరుకోలేదు. "అలొచ్చినప్పుడు ఎవుడూ నిలబడడు మాస్టారూ, వొంగి పడవని కరుసుకుంటారు" అన్నాడు. చిత్రం చూస్తే నిజమే, ఒక్కో పడవలో ఎనిమిది మంది తెడ్లు పట్టుకుని ముందుకి ఒరిగిపోయి ఉన్నారు. అన్నేళ్లుగా చూస్తున్నా నా కంటికి ఆ వంగడం అంత గట్టిగా తగల్లేదు. సైనికుల్ని తీసేసి పలాస జీడిపప్పు పెట్టాం, విరగని గుండు పప్పు. వీపు వంచిన మనిషి వంపు దానికి పుట్టుకతోనే ఉంది. డొప్పలో ఎనిమిదేసి బోర్లా వరసగా పెట్టి చూడండి.

రెండు జాగ్రత్తలు. మొదటిది మంట. జార్జ్ డి లా టూర్ అనే ఫ్రెంచి చిత్రకారుడు కొవ్వొత్తి వెలుగులో మనుషుల్ని అద్భుతంగా వేశాడు. అది చెయ్యాలన్న ఆత్రంలో నేను నిజం కొవ్వొత్తి పెట్టాను. నైలాను గుడ్డ అంచు అంటుకుంది, పిల్లలు పక్కనే ఉన్నారు. తడిగుడ్డ వేసి ఆర్పేశాను గాని, ఆ రోజు నా చేతులు చాలాసేపు వణికాయి. అప్పటినుంచి మా వసారాలో మంట లేదు. ఫోను టార్చికి నారింజరంగు గాలిపటం కాగితం చుట్టి బొమ్మ చేతి వెనక దాస్తే ఆ వెలుగు వస్తుంది. అలాగే గోళీలు, పూసలు, ఆవాలు మూడేళ్ల లోపు పిల్లలకి అందనివ్వద్దు.

రెండోది హక్కులు. మన చట్టం ప్రకారం చిత్రకారుడు పోయాక 60 ఏళ్ల వరకు హక్కులు వారసులవి. వెర్మీర్, వాన్‌గో, రవివర్మలతో ఏ చిక్కూ లేదు. మీ ఊళ్లో పుట్టిన వడ్డాది పాపయ్య గారి చిత్రాలు, అవే 'వపా' సంతకంతో చందమామ, యువ ముఖచిత్రాలుగా మన ఇళ్లలోకొచ్చినవి, ఇంట్లో పిల్లలతో నిరభ్యంతరంగా చేసుకోండి. కానీ ఆయన పోయింది 1992లో. కాబట్టి బయట పెట్టాలంటే హక్కులున్నవాళ్లని అడగండి, ఆయన పేరు రాయండి, అమ్మకానికి మాత్రం వాడొద్దు. ఆయన ఆడవాళ్ల మెడ వంపు, నడుం వంపు బొమ్మతో తేవడం కష్టం. గంజి పెట్టిన గుడ్డ బాగా అలవాటయ్యాక చూడండి.

పిల్లలకి ఏం వస్తుంది అన్నారు. మార్కులు పెరుగుతాయని నేను చెప్పను, నేను చూసింది చెప్తాను. వెర్మీర్ చేసిన వారం తర్వాత ఆరో తరగతి పిల్లాడొకడు బడి మొదలవకముందే వచ్చి నా కుర్చీ పక్కన నిలబడ్డాడు. "మాస్టారూ, మాయమ్మ పొయ్యికాడ కూకుంటే ఓ పక్క మొగమే కనిపిస్తంది. రెండో పక్క నేదు" అన్నాడు. వాళ్లమ్మ రోజూ అక్కడే కూర్చుంటుంది, వాడు రోజూ చూస్తాడు. ఆ రోజు వాడికి కనిపించింది. నేను బోర్డు మీద గోళం గీసి వెలుగు, నీడ అని ఎన్నేళ్లు చెప్పినా ఏ పిల్లాడూ ఆ మాట తెచ్చి ఇవ్వలేదు.

తొందరపెట్టకండి, ఒక చిత్రానికి రెండు ఆదివారాలు పట్టినా పట్టనివ్వండి. పాప బొమ్మ తల తిప్పుతుంటే మీరు చెయ్యి పెట్టకండి, అట్ట కంతలోంచి చూడమని మాత్రం చెప్పండి. ఫొటో అయ్యాక ప్రింటు తీయించి, వెనక తేదీ, చిత్రం పేరు, ఏ బొమ్మ ఎవరిదో పిల్లల చేతే రాయించండి. అత్తగారి దగ్గర పాత లక్కపిడతలుంటే అడిగి తీసుకోండి. వెర్మీర్‌దే పాలు వంచే పనిమనిషి చిత్రం ఒకటుంది, అందులో బల్ల మీద కూజా, గిన్నె, రొట్టెల బుట్ట ఉంటాయి. ఆ కొలతకి లక్కపిడతలు చక్కగా సరిపోతాయి. ఆ వెలుగూ ఎడమ కిటికీదే కాబట్టి, మొదటి చిత్రానికి సర్దిన గది ఏమీ కదపకుండానే దాన్ని కూడా చేసుకోవచ్చు.